వరస కలపకుండా పెట్టుకున్న కొట్లాట

మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే బస్సులో కిటికీ పక్క సీటు కోసం కొట్లాడుకోవడం మానేసి, జనమంతా ఒళ్లో ఫోను పెట్టుకుని తల వంచుకోవడం కొత్తగా మొదలుపెట్టిన కాలం అది. అప్పటిదాకా మా వైపు ఎవరి మాటైనా కాదనాలంటే ముందు ఆ మనిషి ఇంటిదాకా పోవాల్సి వచ్చేది. పోతే మంచం వాల్చి కూర్చోబెడతారు, చెంబుతో నీళ్లిస్తారు, "ఎండన బడి వచ్చినావు, కాసేపు ఉండు" అంటారు. ఇంటి దగ్గర కష్టపడి కూడగట్టుకుని వచ్చిన కోపంలో సగం ఆ నీళ్లతోనే దిగిపోతుంది. ఇంటర్నెట్ చవకయ్యాక ఈ ఇబ్బంది తప్పింది. పొద్దున్నే దుప్పటి కూడా తియ్యకుండా, పళ్లు కూడా తోముకోకుండా, ముక్కూ మొహం తెలియని మనిషిని ఎంత మాటైనా అనేయవచ్చు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నాకు తెలియనిదంటూ లోకంలో పెద్దగా మిగల్లేదని గట్టిగా నమ్మే వయసు. (మా అమ్మ మాత్రం నమ్మేది కాదు. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో ముందు చెప్పమనేది.)

పశువైద్యంలో రెండేళ్ల డిప్లొమా పూర్తిచేసి, హనుమంతునిపాడు వైపు ఒక పల్లెలో పశువుల ఆస్పత్రిలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్లు ఇంకో నాలుగు సంగతులు బయటపెడతారు. ఆస్పత్రి అంటే రెండు గదులు, ఒక ఫ్రిజ్జు, వాకిట్లో పశువుల్ని నిలబెట్టే ఇనప చట్రం. డాక్టరు గారు మూడు ఊళ్లు తిరగాలి కాబట్టి మిగతా రోజుల్లో అక్కడ ఉండేది నేనూ, కాంపౌండర్ మామా. మామ అంటే మా అమ్మ తమ్ముడేమీ కాదు. ముప్పై ఏళ్లుగా ఆ ఆస్పత్రిలో పనిచేస్తూ ఊరందరికీ మామ అయిపోయిన మనిషి. డాక్టరు గారు కూడా పొరపాటున ఒకటి రెండుసార్లు మామా అనేసి సర్దుకోవడం నేను విన్నాను.

చేరిన రెండు నెలలకే నేను ఫోనులో ఒక గ్రూపు పెట్టాను. పేరు 'మన మంద, మన చేను'. గొర్రెల కాపర్లూ రైతులూ ఇద్దరూ అందులో ఉండేవాళ్లు. మా మెట్ట చేలల్లో ఈ ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని ఉంటుంది. పైరు లేని రోజుల్లో రైతు కాపరిని బతిమాలి మందను తన చేలో నాలుగు రాత్రులు పడుకోబెట్టించుకుంటాడు. గొర్రెలు నిద్రపోతాయి, చేనుకు ఎరువు పడుతుంది. మంద కట్టించుకోవడం అంటాం దాన్ని. అందుకని చుట్టుపక్కల మందలూ, టీకాలూ, తప్పిపోయిన మేకలూ అన్నిటికీ ఒకే చోటు ఉంటే బాగుంటుందనుకున్నాను. నూట నలభై మంది చేరారు. పొద్దున పూట పూల బొమ్మలు పెట్టేవాళ్లు ఎనభై మంది, ఆ పూలకు దణ్ణాలు పెట్టేవాళ్లు యాభై మంది. మిగిలిన పది మందీ అసలు సంగతులు మాట్లాడేవాళ్లు. అందరి పైనా అజమాయిషీ నాది. ఆ చిన్న అధికారం తలకెక్కినంతగా తర్వాత వచ్చిన పర్మనెంటు ఉద్యోగం కూడా నాకు ఎక్కలేదు.

ఆ ఏడు మే నెల చివర్లో చిటుక రోగానికి టీకా మందు వచ్చింది. ఇది తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. తొలకరి పడగానే గట్ల మీద లేత గడ్డి మొలుస్తుంది. వేసవంతా ఎండు తుప్పలు కొరికిన గొర్రెలు ఆ పచ్చికను ఆబగా మేస్తాయి. పొద్దున బాగా మేసిన గొర్రె సాయంత్రానికి కాళ్లు కొట్టుకుని పడిపోతుంది. చిటికె వేసినంత సేపట్లో చచ్చిపోతుంది, మందు వేసే వ్యవధి కూడా ఉండదు. కాబట్టి వాన పడకముందే సూది పడాలి. నల్లమల వైపు అప్పుడప్పుడూ మబ్బు కమ్ముతోంది. నేను గ్రూపులో దండోరా వేసినట్టు రాశాను: "గురువారం పదకొండు గంటలకు ఆస్పత్రి ఆవరణలో గొర్రెలకు ఉచిత టీకాలు. మందలన్నీ తప్పనిసరిగా తీసుకురావలెను."

దణ్ణాలు వరసగా వచ్చాయి. మధ్యాహ్నానికి ఒక జవాబు కూడా వచ్చింది. 'నల్లది' అని పేరు, ఫొటోలో ఒక నల్ల గొర్రె నిటారుగా నిలబడి నన్నే చూస్తోంది. "అట్ల వద్దు. మందలు తేవద్దు."

అంతే. ఎందుకో లేదు, ఏమిటో లేదు, దయచేసి లేదు. నాకు ఒళ్లు మండింది. టీకాల మీద పుకార్లు పుట్టించే ప్రబుద్ధుల గురించి కాలేజీలో మా లెక్చరరు చెప్పిందంతా గుర్తొచ్చింది. ఒకడు నా గ్రూపులోనే దొరికాడన్నమాట. టీకా అంటే ఏమిటి, అది ఒంట్లో ఎలా పనిచేస్తుంది, విజ్ఞానం లేని జాతి ఏమైపోతుంది అంటూ పద్దెనిమిది పంక్తులు రాసి పంపాను. గంటన్నర తర్వాత నల్లది జవాబిచ్చింది. "పోయినేడు సూదేస్తే రెండు చచ్చినాయి."

ఆ పొడి పొడి మాటల్లో నాకు పొగరు కనిపించింది. నేను పద్దెనిమిది పంక్తులు రాస్తే నువ్వు మూడు ముక్కలు విసురుతావా? గిద్దలూరులో ఇంటరు తప్పి, ఇంటి దగ్గర మందను చూసుకుంటూ, మీసాలు దువ్వుకునే నా ఈడువాడెవడో అయ్యుంటాడని ఖాయం చేసుకున్నాను. ఖాయం చేసుకోవడమేమిటి, మీసాలతో సహా కళ్లకు కట్టాడు. నా ఈడువాడు, ముక్కూ మొహం తెలియదు, ఎగతాళి చెయ్యాలి. అలాంటప్పుడు మా వైపు ఎవరైనా ఎంచుకునే పిలుపు ఒకటే. నేనూ అదే ఎంచుకుని ఇలా రాశాను:

"ఏం బావా! గొర్రెలు కాచీ కాచీ నీకు కూడా గొర్రె బుద్ధే అబ్బినట్టుంది. కాస్త తల పైకెత్తి పుస్తకం వైపు చూడు. చదవను రాకపోతే ఆస్పత్రికి రా బావా, అ ఆలు కూడా నేనే నేర్పిస్తా."

పంపాక నాలుగుసార్లు చదువుకున్నాను. చదివిన ప్రతిసారీ ఇంకాస్త బాగున్నట్టనిపించింది. నూట నలభై మందిలో ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. పూల బొమ్మలు కూడా ఆగిపోయాయి. నా దెబ్బకు అందరి నోళ్లూ మూతపడ్డాయని మురిసిపోయాను. సాయంత్రం 'తలపాగా తాత' అని నేను పేరు పెట్టుకున్న ఒక ముసలి కాపరి గ్రూపు నుంచి వెళ్లిపోయాడని ఫోను చెప్పింది. పెద్దవాడు, ఎక్కడో నొక్కబోయి ఎక్కడో నొక్కి ఉంటాడనుకున్నాను.

గురువారం వచ్చింది. మామూలు కంటే ముందే వచ్చాను. పది గంటలకల్లా ఐసుపెట్టెలో మందు సీసాలు, ఉడకబెట్టిన సూదులు, పేర్లు రాసుకునే రిజిస్టరు, వాకిట్లో నా సొంత చేతిరాతతో ఒక అట్ట, అన్నీ సిద్ధం. పదకొండయింది. పన్నెండయింది. ఒక్క గొర్రె రాలేదు. ఒంటిగంటకు టీ కొట్టు వాళ్ల మేక ఒకటి వచ్చి, నేను రాసిన అట్టలో 'తప్పనిసరిగా' అన్న మాటను కొస నుంచి నమిలి వెళ్లిపోయింది. సీసా మూత తీస్తే పూటలో వాడేయాలి. తియ్యలేదు కాబట్టి మందు మిగిలింది గానీ, దాన్ని వెయ్యడానికి గొర్రె లేదు. ఆకాశంలో మబ్బు మాత్రం నాకోసం ఆగేట్టు లేదు. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది. ఈ వారంలో వాన పడితే, నా గ్రూపులో దణ్ణాలు పెట్టినవాళ్లందరి మందలూ సూది లేకుండా పచ్చిక మీద పడతాయి.

"చూసినావా మామా, అందరూ ఆ నల్లదాని మాటే విన్నారు" అన్నాను.

"వినరా మరి?" అన్నాడు మామ, బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుంటూ.

"అసలు ఎవడు మామా వాడు?"

మామ నావైపు కొంచెంసేపు జాలిగా చూశాడు. "వాడు కాదురా. అవ్వ."

"అవ్వా?"

"నల్లది ఆమె మందలో ముందు నడిచే గొర్రె. కొడుకు ఫోనిచ్చి, పేరేం పెట్టాలమ్మా అంటే, నా పేరెవురికి తెలుసురా, దాని పేరు పెట్టు, అందరికీ తెలుస్తుంది అనిందంట. ఈ చుట్టుపక్కల మందలన్నిటికీ ఆమె మాటే మాట. ఆమెను పట్టుకుని నువ్వు బావా అంటివి."

నాకు తల కొట్టేసినట్టయింది. "గ్రూపులో నూట నలభై మంది ఉన్నారు గదా మామా, ఒక్కరైనా చెప్పొద్దా?"

"నువ్వు అడగలా."

నేను ఇంకా పూర్తిగా కుంగిపోలేదని కనిపెట్టాడేమో, మామ మిగతాది కూడా చెప్పాడు. అవ్వకు యాభై ఏళ్లప్పుడు ఊళ్లో రాత్రి బడి పెడితే, పగలంతా మంద వెంట తిరిగి వచ్చి లాంతరు ముందు కూర్చుని అక్షరాలు నేర్చుకుందట. ఫోనులో ఒక్క వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాస్తుందట. "అట్ల వద్దు, మందలు తేవద్దు అని రాసేసరికి గొర్రెలు రెండు చేన్లు దాటిపోతాయంట. ఎవురో పిల్చి తిడితే మళ్లీ మరల్చుకోని వచ్చేది. ఇంగ నువ్వేమో ఆమెకు అ ఆలు నేర్పిస్తానంటివి." పొగరనుకున్నది ఓపిక అని అప్పుడు తెలిసింది.

"అది సరే గాని, వరస తెలీకుండా ఎట్ల కొట్లాడినావురా నువ్వు?" అన్నాడు మామ. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. మంద కట్టించుకోవడానికి రైతూ కాపరీ బేరానికి కూర్చున్నప్పుడు నేను చూసే ఉన్నాను. ముందు మీది ఏ ఊరు, మీ అమ్మగారిది ఏ ఊరు, ఫలానా వాళ్లు మీకేమవుతారు అని అరగంట తవ్వుకుంటారు. ఇద్దరిదీ ఒక కులం కాకపోయినా సరే, ఎక్కడో ఒకచోట ఊరి వరసైనా తగులుతుంది. "అట్లయితే నువ్వు నాకు మామవి" అని తేలాక, ఇక గొంతు చించుకుని అరుచుకుంటారు. ఎన్ని రాత్రులు, ఎన్ని గొర్రెలు, కుక్కకు కూడెవరు పెట్టాలి అని ఊరు దద్దరిల్లిపోతుంది. అదంతా కాలక్షేపం కబుర్లని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. "వరస తెలిస్తేనే గదా ఎంతదాకా అనొచ్చో తెలిసేది" అన్నాడు మామ. "బావతో ఎకసెక్కాలాడొచ్చు. మామతో పంతం పోవచ్చు. అన్నతో అయితే అలగాల."

"అవ్వతో?"

"అవ్వతో గూడా కొట్లాడొచ్చు. కూర్చోని కొట్లాడాల."

అవ్వ ఇంటికి పోయి కాళ్ల మీద పడతానన్నాను. మామ వద్దన్నాడు. నూట నలభై మందిలో అన్న మాటకు ఇంట్లో చాటుగా దణ్ణం పెడితే ఎట్ల, అన్నచోటే చెప్పుకోమన్నాడు. సరేనని అక్కడే, ఆ ఖాళీ వాకిట్లో కూర్చుని క్షమాపణ రాశాను. ఇరవై రెండు పంక్తులైంది. మామ కళ్లజోడు పెట్టుకుని చదివి, "ఈడ 'అయితే' అని ఉంది చూడు, ఆడికాడ్నించి కింద అంతా కొట్టెయ్" అన్నాడు. కొట్టేశాను. ఏడు పంక్తులు మిగిలాయి. "ఈ పైన నీ చదువు సంగతి రాసినావే, అది ఎవురడిగినారు?" అదీ పోయింది. చివరకు మిగిలింది ఇది:

"ఎవరో తెలియక బావా అన్నాను. అ ఆల మాట తప్పు. మందలు ఎందుకు తేవద్దన్నారో నేను అడగనే లేదు. ఎందుకు వద్దు? నేను మిమ్మల్ని ఏమని పిలవాలి?"

పంపి కూర్చున్నాను. ఒక గంట గడిచింది. నల్లది రాస్తున్నట్టు ఫోను చూపించేది, మళ్లీ ఆగిపోయేది. మళ్లీ రాస్తున్నట్టు చూపించేది. నూట నలభై మందీ నాలాగే ఊపిరి బిగబట్టి చూస్తున్నారని తర్వాత తెలిసింది. బేస్తవారిపేటలో ఒక రైతు ఎరువు దించడం ఆపి మరీ చూశాడట. రెండో గంట కూడా కావస్తుండగా జవాబొచ్చింది.

"అవ్వా అను. ఇంగ కొట్లాడు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ చూడకుండా తుడుచుకున్నాను గానీ, ఆయన చూడనట్టు నటించాడంతే. ఆ వెనకే రెండో జవాబు వచ్చింది, అవ్వ లెక్కన చూస్తే మహా వేగంగా. "చూడి గొర్రెలు. ఎండ. మూడు మైళ్లు. ఈచుకపోతాయి."

నాకు తెలిసినదంతా ఆ నాలుగు ముక్కల ముందు చిన్నదైపోయింది. మందంతా చూలుతో ఉంది. మే నెల ఎండలో పదకొండు గంటలకు మూడు మైళ్లు నడిపించి, కొత్త చోట మనుషుల మధ్య తొక్కించి, మళ్లీ మూడు మైళ్లు నడిపిస్తే కడుపులో పిల్ల నిలవదు. అవ్వ సూదిని వద్దనలేదు, నా పదకొండు గంటల్ని వద్దంది. నాకు పొద్దున టిఫిను తిని బండి మీద వచ్చేసరికి పదకొండవుతుంది కాబట్టి పదకొండని రాశాను, అంతకు మించి ఆ వేళకు శాస్త్రం ఏమీ లేదు.

కానీ అంతటితో నేను లొంగిపోయాననుకోకండి. అవ్వ కొట్లాడమంది గదా! "అవ్వా, పోయినేడు చచ్చిన రెండూ ఎప్పుడు చచ్చాయి?" అని అడిగాను. సూదేసి ఇంటికి తోలుకుపోతుంటే దారిలో, నడినెత్తిన ఎండలో అని వచ్చింది. "అయితే అవ్వా, అవి ఎండకు చచ్చాయి, సూదికి కాదు" అన్నాను. అరగంట పోయాక "అట్ల గూడా కావచ్చు" అని వచ్చింది. ఇంటర్నెట్‌లో నాతో వాదించిన మనిషి ఎవరైనా 'కావచ్చు' అనడం నేను చూడటం అదే మొదలు. అంతకు ముందు నేనూ ఎవరితోనూ అనలేదు.

ఇంకో చోట మాత్రం ఇద్దరం బిగుసుకున్నాం. ఈనే దగ్గరికొచ్చిన గొర్రెలకు సూదే వద్దంటుంది అవ్వ. వాటికే ముందు వెయ్యాలి, తల్లికి వేస్తే జున్నుపాలతో పిల్లకు కూడా బలం పోతుంది అంటాను నేను. "నువ్వు చూసినావా?" అని అడిగింది. ఇదివరకటి నేనైతే చూశాననే రాసేవాణ్ణి. "పుస్తకంలో చదివాను అవ్వా. చూడలేదు" అని రాశాను. "నేను చూసినా. చదవలా" అని వచ్చింది. దాని కింద ఇంకొకటి. "పట్టుకునేది నేను. పొడిచేది నువ్వు. తెల్లారుజామున రా. మంద కాడికే."

ఆ ఒక్క సంభాషణతో గ్రూపుకు ఒక కట్టుబాటు పుట్టింది, నేనేమీ పెట్టలేదు. ఎవరైనా ఎవరి మాటైనా కాదనాలంటే ముందు వరస కలపాలి. దీంతో కొన్నాళ్లు పని కుంటుపడిందని ఒప్పుకోవాలి. కంది విత్తనం మీద తగువు పెట్టుకోబోయిన పొదిలి రైతులిద్దరు రెండు రోజులు వాళ్ల అమ్మమ్మల ఊళ్లు తవ్వుకుని, చివరకు అన్నదమ్ముల వరస అని తేలి, ఆ సంతోషంలో కంది సంగతి మరిచిపోయారు. ఇంకొకాయన ఎవరికి జవాబిచ్చినా బావా అనే మొదలుపెట్టేవాడు, ఏమైనా అనొచ్చని. అతన్ని మాత్రం అవ్వే ఆపింది. "నీకు ఇంతమంది చెల్లెళ్లు యాడుండారు?" అని రాసింది. ఆ రోజంతా గ్రూపులో నవ్వే బొమ్మలే.

చెప్పినట్టే శుక్రవారం తెల్లవారుజామున ఐసుపెట్టె బండికి కట్టుకుని, మామను వెనక కూర్చోబెట్టుకుని అవ్వ మంద కట్టిన చేనికి పోయాను. తడికల లోపల గొర్రెలు ఇంకా పడుకునే ఉన్నాయి. చేతి కర్ర పట్టుకుని ఒక చిన్న మనిషి తడిక పక్కకు జరిపి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నా భుజం దాకా కూడా లేదు.

"నువ్వేనా బావవి?" అంది.

తడికల వెనక ఎక్కడెక్కడి నుంచో కాపర్లు గొల్లున నవ్వారు. నేను ఐసుపెట్టెలో తల దూర్చి సీసాలు వెతికినట్టు నటించాను. "సిగ్గుపడింది చాల్లే, సూదెత్తు" అంటూ అవ్వ మొదటి గొర్రెను మోకాళ్ల మధ్య ఒడిసిపట్టింది. ఆమె పట్టు ఎలాంటిదో చెప్పాలి. చూడి గొర్రెను కడుపు నొక్కుకోకుండా, మెడ వంగకుండా, అది బెదరకుండా పట్టుకునేది. మేము కాలేజీలో నేర్చుకున్న పట్టులో గొర్రెను పడేసేవాళ్లం. నేను సూది గుచ్చేటప్పుడు చర్మం తడుముకుంటున్నానని ఆమె, మీరు కదిలిస్తున్నారని నేను, ఎండ పైకి వచ్చేదాకా కొట్లాడుకుంటూనే నూట పది గొర్రెలకు వేశాం. నల్లది చివర. ఈనే నెల. దాన్ని పట్టుకునే ముందు అవ్వ చేతులు చీరకు తుడుచుకుంది. "నీ పుస్తకం మీద నమ్మకంతో పట్టుకుంటున్నా, మనవడా" అంది. ఆ రోజు నేను ఆ పుస్తకానికి ఎంత భయపడ్డానో పరీక్షల ముందు కూడా అంత భయపడలేదు.

అయిదు తెల్లవారుజాముల్లో ఏడు మందలు పూర్తిచేశాం. ఆరో రోజు సాయంత్రం వాన దిగింది. వారానికి గట్లన్నీ పచ్చబడ్డాయి. అవ్వ నుంచి వరసగా కబుర్లు వచ్చాయి. "మేస్తున్నాయి." తర్వాత రెండు రోజులకు, "ఏమీ కాలా." ఆ తర్వాత, "నల్లది ఈనింది. రెండు. రెండూ ఆడవే." దాని కిందే ఇంకొకటి. "ఐనా నువ్వు సూది పట్టే తీరు నాకు నచ్చలా."

ఇక్కడితో ఆపితే బాగుండును. కానీ ఎనిమిదో మంద ఒకటుంది. తలపాగా తాత మంద. ఆయన ఫోను తప్పుగా నొక్కి గ్రూపులోంచి పోలేదు. ఆయన అవ్వకు సొంత తమ్ముడు. అక్కను అన్న మాట చదివి, ఆ సాయంత్రమే గ్రూపులోంచి లేచిపోయి, తెల్లారి మందను గిద్దలూరు అడవి అంచు వైపు తోలుకుపోయాడు. క్షమాపణ ఆయన చూడలేదు, తెల్లవారుజాము సూదుల సంగతి ఆయనకు తెలియలేదు. అడవిలో ఫోను అందక అవ్వ మనుషుల్ని పంపింది గానీ వాళ్లు పోయేసరికి వాన పడిపోయింది. తొమ్మిది గొర్రెలు పోయాయి.

మిగిలినవాటికి మందు కోసం ఆయన ఆస్పత్రికి వచ్చిన రోజు నేను తల ఎత్తలేకపోయాను. తిడతాడని కాచుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన బల్ల మీద కూర్చుని, తలపాగా తీసి మొహం తుడుచుకుని, "మా అక్క నీకు అవ్వంట గదా. అట్లయితే నేను తాతనే" అన్నాడు. "అక్కను ఆ మాటన్నాక ఆడ కూర్చోబుద్ధి కాలా, మనవడా. కూర్చోని ఉంటే తెలిసుండేది. లేచిపోయినాను, నాది గూడా తప్పే." నాది గూడా అన్నాడు. మందు కట్టి ఇచ్చాను. ఆ తొమ్మిదింటినీ నా నోటితోనే చంపానని అప్పుడు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "నన్ను మళ్లీ దాంట్లోకి ఎక్కించు" అని ఫోను ఇచ్చాడు. ఎక్కించాను. మర్నాడు ఆయన మొదటి కబురు, నేను గాలికుంటు రోగం గురించి రాసినదానికి: "మనవడా, అది అట్ల కాదు."

ఇప్పుడు నేను మార్కాపురంలో ఉంటున్నాను. నెత్తిన జుట్టు పలచబడింది. కాంపౌండర్ మామ రిటైరయ్యాడు. అవ్వకు చూపు తగ్గి అక్షరాలు వెతుక్కోవడం మానేసి, గొంతే పంపుతోంది. అప్పట్లో మూడు ముక్కల్లో తేల్చిన మనిషి ఇప్పుడు ఆరేసి నిమిషాలు మాట్లాడుతోంది, మధ్యలో గొర్రెల్ని అదిలిస్తూ. మొత్తం వింటాను. సగం ఒప్పుకోను. ఒప్పుకోనని అవ్వకు చెబుతాను కూడా.

మొన్న ఆదివారం ఏదో పాత ఫొటో వెతుకుతూ గ్రూపులో వెనక్కి పోతూ పోతూ ఆ రోజు దాకా పోయాను. పద్దెనిమిది పంక్తులూ అక్కడే ఉన్నాయి. దాని కింద బావా ఉంది. దాని కింద, చిన్న అక్షరాల్లో, ఒకరు వెళ్లిపోయారన్న మాట ఉంది. చెరిపేద్దామని చూస్తే, ఇన్నేళ్ల కిందటిది ఇక చెరగదని ఫోను చెప్పింది. చాలాసేపు చదువుకుంటూ కూర్చున్నాను. కోపం వస్తుందనుకున్నాను గానీ నవ్వొచ్చింది. ఆ కుర్రవాడికి ఒక మాట చెబుదామనిపించింది. ఎలా పిలవాలో తోచలేదు. తమ్ముడూ అంటే వినడు, వాడికి అన్నలంటే లెక్కలేదు. బావా అంటే ఎగతాళి అనుకుని ఇంకో పద్దెనిమిది పంక్తులు రాస్తాడు. చివరికి పైకే, ఇంట్లో ఎవరూ లేరని చూసుకుని, "నాయనా, ఎందుకు వద్దంటున్నారో ఒక్కసారి అడుగు" అన్నాను. వాడు వినిపించుకోలేదు. రాసింది చదువుకుని మురిసిపోతున్నాడు.